మారియో కార్ట్‌లో యాంటీ గ్రావిటీ తీసేశారు, మంచిదే అయింది

మారియో కార్ట్ వరల్డ్ వచ్చిన దగ్గర్నుంచీ గేమింగ్ మిత్రుల దగ్గర ఒకటే ఫిర్యాదు వింటున్నాను. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, యాంటీ గ్రావిటీ ఎందుకు పీకేశారండీ?" అని. వాళ్ల బాధ అర్థమవుతుంది. 2014లో మారియో కార్ట్ 8ని నింటెండో అమ్మిందే ఆ ఫీచర్ చూపించి. కార్టు గోడెక్కుతుంది, పైకప్పు మీద తలకిందులుగా పరిగెడుతుంది, నిలువునా పడుతున్న జలపాతానికి ఎదురెక్కుతుంది. లోగోలో ఉన్న 8 అంకెను కూడా మెలితిరిగిన రోడ్డులాగే గీశారు. అప్పటి వీ యూ కన్సోల్ అమ్మకాల్లో చతికిలపడినా, అదే గేమ్ 2017లో డీలక్స్ పేరుతో స్విచ్‌కి వచ్చి 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. అంత పెద్ద హిట్‌కి గుర్తుగా నిలిచిన ఫీచర్, 2025 జూన్ 5న స్విచ్ 2తో పాటు దిగిన వరల్డ్‌లో కనిపించకుండా పోయింది. దాని బదులు గోడల మీద కాసేపు పరిగెత్తే వాల్ రైడ్, కమ్మీల మీద జారుకుంటూ పోయే రైల్ గ్రైండ్ వచ్చాయి.

నా మాట సూటిగా చెప్పేస్తాను. తీసేసి మంచి పనే చేశారు. కొత్తగా పెట్టిన వాల్ రైడ్, ఆటగా చూస్తే పాతదానికంటే మెరుగు. కాకపోతే యాంటీ గ్రావిటీతో పాటు ఒక చిన్న రూల్ కూడా కొట్టుకుపోయింది. అది మాత్రం ఉండాల్సింది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి "యాంటీ గ్రావిటీ కావాలి" అంటున్నారు. నాకున్న పేచీ అక్కడే.

అసలు అక్కడ జరిగేది ఏంటి?

ఆడని వాళ్ల కోసం కొంచెం వివరం. రోడ్డు మీద ఒకచోట నీలంగా మెరిసే పట్టీ ఉంటుంది. దాన్ని దాటగానే కార్టు నాలుగు చక్రాలూ పక్కకు వాలి, రోడ్డుకు సమాంతరంగా పడుకుంటాయి. బండి తేలడం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి రోడ్డు ఎటు తిరిగితే అటే "కింద". రోడ్డు గోడ మీదికి పోతే గోడే నేల, కప్పు మీదికి పోతే కప్పే నేల. ఆ భాగం అయిపోగానే చక్రాలు మళ్లీ మామూలుగా దిగుతాయి. మారియో సర్క్యూట్ అనే ట్రాక్ అయితే మొత్తం మోబియస్ పట్టీ ఆకారంలో ఉంటుంది. కాగితం పట్టీని ఒక్క మెలిక తిప్పి రెండు కొసలూ అంటిస్తే వస్తుందే, అది. షై గై ఫాల్స్‌లో జలపాతం ఎక్కుతారు. ట్విస్టెడ్ మాన్షన్‌లో భూత్‌ బంగ్లా గోడలెక్కుతారు. చూడ్డానికి కన్నుల పండుగే, అందులో నాకు రెండో మాట లేదు. వీ యూ లాంటి బలహీనమైన హార్డ్‌వేర్ మీద, ఒక్కరు ఆడినా ఇద్దరు ఆడినా సెకనుకు 60 ఫ్రేములతో ఇదంతా నడిపించారంటే ఇంజినీర్లకు దండం పెట్టాలి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ తలకిందుల వ్యవహారం కోసం మీ చేతికి కొత్తగా ఏ పని వచ్చింది? యాక్సిలరేటర్ అదే. స్టీరింగ్ అదే. మలుపులో డ్రిఫ్ట్ బటన్ పట్టుకోవడం, నిప్పురవ్వల రంగు మారగానే వదలడం, అన్నీ అవే. కప్పు మీద వేలాడుతున్నందుకు బండి బరువెక్కదు, జారదు, స్పీడు తగ్గితే ఊడి పడదు. కావాలంటే కప్పు మీద బ్రేకేసి బండి ఆపేయండి, హాయిగా నిలబడుతుంది. ట్రాక్ అంచు దాటితే పడతారనుకోండి, అది మామూలు రోడ్డు మీద కూడా ఉన్నదే.

పైగా కెమెరా. ఇది ఫోన్ల సైటు కాబట్టి ఫోన్ భాషలోనే చెబుతాను. మీ ఫోన్‌లో ఆటో రొటేట్ ఆన్‌లో ఉందనుకోండి. ఫోన్‌ని ఎటు తిప్పినా లోపలి వీడియో మళ్లీ నిటారుగా నిలబడుతుంది. ఫోన్ తిరిగిన సంగతి చూస్తున్న వీడియోకి పట్టదు. మారియో కార్ట్ 8లో కెమెరా చేసేదీ అదే పని. కార్టుతో పాటే తనూ తిరుగుతుంది. ప్రపంచం మొత్తం తలకిందులైనా మీ స్క్రీన్‌లో రోడ్డు ఎప్పుడూ కిందే, ఆకాశం ఉండాల్సిన చోటు ఎప్పుడూ పైనే. చుట్టుపక్కల చెట్లు, మేడలు ఏ దిక్కుకు ఉన్నాయో గమనిస్తే తప్ప మనం తలకిందులయ్యామని తెలియదు. రేసులో ఉన్నవాడికి చెట్లు చూసే తీరిక ఎక్కడిది? వెనక నుంచి ఎర్ర షెల్ వస్తోంది.

పోయిన సంక్రాంతికి పర్చూరు వైపు మా పెద్దమ్మగారింట్లో దీన్ని పరీక్షించే వీలు దొరికింది. డాలస్ నుంచి వచ్చిన మా బావ స్విచ్ తెచ్చాడు. వరండాలో సగం పత్తి బోరాలు, మిగతా సగంలో టీవీ ముందు పిల్లలు. మా అన్నయ్య కొడుకులిద్దరూ మారియో సర్క్యూట్ మూడు ల్యాపులు ఆడి, ఎవడు ముందొచ్చాడో తేల్చుకుని, దెబ్బలాట కూడా ముగించాక పెద్దవాణ్ని అడిగాను.

"ఇందాక ఎన్నిసార్లు తలకిందులయ్యావురా?"

"ఎవరు బాబాయ్?"

"నువ్వే."

"నేనెప్పుడయ్యాను? నేనసలు ఒక్కసారి కూడా పడలేదు. వాడే పడ్డాడు."

ఆ తర్వాత రేసు హైలైట్స్ పెట్టాను. అందులో కెమెరా బయట నుంచి, రకరకాల కోణాల్లో చూపిస్తుంది. అంతవరకు పట్టించుకోకుండా పక్కన కూర్చున్న పెద్దమ్మ తలెత్తి చూసింది. "ఒరే, ఆ బండి చూరుకి గబ్బిలంలాగా వేలాడుతోందేంట్రా! పడదా?"

ఆడినవాడికి తెలియలేదు, చూసినావిడకి వెంటనే తెలిసింది. యాంటీ గ్రావిటీ మీద నా అభిప్రాయం మొత్తం ఈ తేడాలోనే ఉంది. అది డ్రైవరు కోసం చేసిన ఫీచర్ కాదు, ప్రేక్షకుడి కోసం చేసింది. ట్రైలర్లో అదిరిపోయింది, హైలైట్స్‌లో అదిరిపోతుంది, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి దాన్ని మించింది లేదు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మాత్రం అది ఇంకో రోడ్డు, అంతే.

పడదా?

పెద్దమ్మ అడిగిన ప్రశ్న దగ్గరికే వద్దాం, ఎందుకంటే అసలు ప్రశ్న అదే.

కొండవీడు, కోటప్పకొండ లాంటివి వదిలేస్తే మా గుంటూరు, ప్రకాశం వైపు నేలంతా చదును. నల్లరేగడి, పత్తి, మిరప, పొగాకు. ఎక్కడానికి, దిగడానికి పెద్దగా ఏమీ లేని ఊళ్లు. అయినా భూమ్యాకర్షణ అంటే ఏంటో మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ ట్రక్కుకి నాలుగు పక్కలా గుంజలు కట్టి పత్తి ఎత్తుకెళ్లే బండి వెనకాల ఒకసారి బైకు మీద వెళ్లండి. టిక్కీల మీద టిక్కీలు పేర్చుకుని మిర్చి యార్డుకి పోయే లారీ, కాలవ గట్టు మీద మలుపు తిరిగేటప్పుడు చూడండి. పై బరువు ఎటు ఒరుగుతోందా అని చూస్తూ డ్రైవరు ప్రాణాలు పిడికిట్లో పెట్టుకుని తిప్పుతాడు.

వీటన్నిటినీ మించింది శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే విద్యుత్ ప్రభలు 80, 90 అడుగుల ఎత్తు ఉంటాయి. అంత ఎత్తున్న నిలువు కట్టడాన్ని పొలాల మధ్య దారుల్లో కదిలించుకుంటూ తీసుకొస్తారు. పక్కల నుంచి మోకులు పట్టుకుని జనం బిగలాగుతుంటారు. చక్రం చిన్న గుంటలో దిగితే చాలు, ఆ కదలిక పైన శిఖరం దగ్గరికి వెళ్లేసరికి బారెడు ఊపు అవుతుంది. అప్పుడు ఎవరూ లైట్ల డిజైను చూడరు. శిఖరం వంకే చూస్తారు. ఒరిగి, ఆగి, మళ్లీ నిలబడ్డప్పుడు వచ్చే కేక ఉంటుంది చూశారూ, దాని అర్థం ఒకటే: పడొచ్చు, కానీ పడలేదు.

ఇక ఎగ్జిబిషన్లలో చెక్కల బావి ఆట తెలుసు కదా. మృత్యుబావి అని బోర్డు పెడతారు. హైదరాబాద్ నుమాయిష్‌లో కూడా మౌత్ కా కువా పేరుతో చూసి ఉంటారు. మోటార్ సైకిలు, ఒక్కోసారి పాత మారుతి కారు, నిట్టనిలువు గోడ మీద గుండ్రంగా తిరుగుతాయి. నిజ జీవితంలో మారియో కార్ట్‌కి ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. అక్కడ బండి ఎందుకు పడదు? బావి వ్యాసం 9 మీటర్లు అనుకుందాం, అంటే మధ్య నుంచి గోడకి నాలుగున్నర మీటర్లు. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు తిరుగుతోంది. ఆ వేగంలో గోడ బండిని లోపలికి నెట్టే బలం, బండి బరువుకి రెండింతల కంటే కొంచెం ఎక్కువ. టైరుకీ చెక్కకీ మధ్య రాపిడి ఆ బలంలో 45 శాతం వరకు అందిస్తే చాలు, బరువు మొత్తం ఆగుతుంది. వేగం సగానికి తగ్గితే మాత్రం ఆ నెట్టే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఇక ఏ టైరూ కాపాడలేదు. అంటే అక్కడ యాక్సిలరేటర్ ఒక్కటే రెండు పనులు చేస్తోంది: ముందుకు తీసుకెళ్లడం, గోడకి అంటించి ఉంచడం. బావి అంచున నిలబడి మనం చాపిన పది రూపాయల నోటు అందుకోవడానికి ఆ కుర్రాడు హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీసినప్పుడు మన గుండె ఎందుకు ఆగుతుంది? వాడి చేతి మీదే అంతా ఉందని మనకి తెలుసు కాబట్టి.

ఇంకో ఉదాహరణ. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌కి చెందిన మెక్‌మర్ట్రీ కంపెనీ తన స్పియర్లింగ్ అనే ఎలక్ట్రిక్ కారుని నిజంగానే తలకిందులుగా నడిపి చూపించింది. కారుని ఒక వేదిక మీద ఎక్కించి, ఆ వేదికని తిరగేసి, అలా వేలాడుతూనే కొద్ది దూరం ముందుకు పోనిచ్చారు. కింద ఉన్న ఫ్యాన్లు గాలి పీల్చేసి 2,000 కిలోల బలంతో కారుని రోడ్డుకి అంటించి ఉంచుతాయి. చిన్న కారు కాబట్టి ఆ బలం సరిపోయింది. అక్కడ కూడా ఫ్యాను ఆగితే కథ ముగిసినట్టే. ఆ వీడియో చూస్తూ ఊపిరి బిగబట్టింది అందుకే.

మారియో కార్ట్ 8లో ఆగిపోవడానికి ఫ్యానూ లేదు, జారిపోవడానికి టైరూ లేదు, తెగిపోవడానికి మోకూ లేదు.

ఇక్కడ డిజైనర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. కెమెరా కార్టుతో పాటు తిరగకపోతే ఏమవుతుంది? తలకిందులుగా ఉన్నప్పుడు మీ ఎడమ స్క్రీన్ మీద కుడి అవుతుంది. ఆరేళ్ల పిల్లాడు ఒక్క మలుపు కూడా తిప్పలేడు. పెద్దవాళ్లకి తలతిరుగుడు మొదలవుతుంది. మారియో కార్ట్ అంటే తాత, మనవడు పక్కపక్కన కూర్చుని ఆడాల్సిన గేమ్. డీలక్స్‌లో పిల్లల బండి రోడ్డు దాటిపోకుండా స్మార్ట్ స్టీరింగ్ కూడా పెట్టిన వాళ్లు, కప్పు మీద నుంచి ఊడిపడే రూల్ పెడతారా? పెట్టరు. కాబట్టి ఇది వాళ్ల బద్ధకం కాదు. ఈ ఆలోచనని అందరూ ఆడే గేమ్‌లో పెట్టాలంటే దాని కోరలు పీకక తప్పదు. కోరలు పీకాక మిగిలేది చూడముచ్చట. పదేళ్ల పాటు అది చూశాం. చాలు.

కోరలున్న గేములు కూడా ఉన్నాయి

ఇదే నింటెండో 1998లో ఎఫ్-జీరో ఎక్స్, 2003లో సెగాతో కలిసి ఎఫ్-జీరో జీఎక్స్ తీసింది. గొట్టాల లోపల, గొట్టాల బయట, లూపుల్లో దూసుకెళ్లే రేసులు. వాటిలో ట్రాక్ బయటకి పడితే రేసు అక్కడితో ఖతం. మారియో కార్ట్‌లోలాగా మబ్బు మీద కూర్చున్న లకిటూ వచ్చి గాలం వేసి పైకి తీయడు. అందుకే గొట్టం మీద వంపు తిరిగేటప్పుడు అరచేతులు చెమట్లు పట్టేవి. తమాషా ఏంటంటే, మారియో కార్ట్ 8లో ఎఫ్-జీరో ట్రాకులు రెండు ఉన్నాయి, మ్యూట్ సిటీ, బిగ్ బ్లూ. రెండూ మొదటి నుంచి చివరి దాకా యాంటీ గ్రావిటీయే. ఊరు అదే, భయం మాత్రం లేదు.

అంత దూరం ఎందుకు, మన జేబుల్లోకి రండి. 2012లో వచ్చిన హిల్ క్లైంబ్ రేసింగ్ ఆడనివాళ్లు ఈ సైటు పాఠకుల్లో ఎందరుంటారు? ఆరేడు వేల రూపాయల ఫోన్‌లో, ర్యామ్ లేక కీబోర్డు కూడా నత్తనడక నడిచే ఫోన్‌లో కూడా ఆ జీపు పరిగెత్తింది. రెండే పెడళ్లు: గ్యాసు, బ్రేకు. స్టీరింగ్ కూడా లేదు. కానీ ఆ గేమ్ మొత్తం భూమ్యాకర్షణ మీదే నడుస్తుంది. గ్యాసు ఎక్కువ నొక్కితే ముందు చక్రాలు లేస్తాయి, ఇంకా నొక్కితే బండి వెల్లకిలా పడి డ్రైవరు మెడ విరుగుతుంది. గాల్లో ఉండగా గ్యాసు, బ్రేకులతో బండిని తిప్పి పల్టీ కొట్టిస్తే అదనంగా నాణేలు. చంద్రుడి మీద ఆడితే పల్టీలు తేలిక, దిగడం కష్టం. గ్రాఫిక్స్ చూస్తే కార్టూన్ బొమ్మలు. అయినా "తలకిందులవ్వడం" అన్న మాటకి మారియో కార్ట్ 8 కంటే ఆ రెండు పెడళ్ల గేమ్‌లోనే ఎక్కువ అర్థం ఉంది. మీరు తలకిందులయ్యారంటే మీరే కావాలని అయ్యారు. దాని లాభమూ మీదే, మెడ విరిగితే ఆ నష్టమూ మీదే.

అన్నట్టు, ఫోన్లలో కార్ట్ గేములు చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. బడ్జెట్ ఫోన్‌లో కూడా యాక్సిలెరోమీటర్ ఉంటుంది. భూమి ఎటు ఉందో ఫోన్‌కి ఎప్పుడూ తెలుసు, ఆటో రొటేట్ నడిచేదే దాని మీద. ఫోన్ వంచి స్టీరింగ్ తిప్పే గేములు బోలెడు ఉన్నాయి. బండి కప్పెక్కినప్పుడు ఫోన్‌ని నిజంగానే తిరగేసి పట్టుకుంటే తప్ప బండి నిలవని గేమ్ ఒకటి చేసి చూడండి. బస్సులో ఆడితే పక్కవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

పోకుండా ఉండాల్సింది ఇదీ

పైన ఒక చిన్న రూల్ అన్నాను కదా. యాంటీ గ్రావిటీలో ఉన్నప్పుడు పక్క కార్టుని ఢీకొంటే రెండు కార్టులూ గిర్రున తిరిగి ముందుకు దూసుకుపోతాయి. దాన్ని స్పిన్ బూస్ట్ అంటారు. రోడ్డు మీద అక్కడక్కడ నిలబెట్టిన బంపర్లకి తగిలినా అంతే. ట్రైలర్లో దీనికి అంత హడావుడి లేదు. నా దృష్టిలో ఆ ఫీచర్ మొత్తంలో నిజంగా ఆట మార్చింది ఇదొక్కటే.

ఎలాగంటారా? మామూలు రోడ్డు మీద బరువైన బౌజర్ పక్కకొస్తే తేలికపాటి టోడ్ తప్పుకోవాలి, లేకపోతే ఒక్క తోపుకి గడ్డిలో ఉంటాడు. నీలం పట్టీ దాటగానే లెక్క మారిపోతుంది. ఇందాక తప్పించుకున్నవాడే ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్లి తగులుతాడు. కానీ తగిలితే ఎదుటివాడికి కూడా బూస్ట్ వస్తుంది. అంటే శత్రువుతో చిన్న ఒప్పందం. నువ్వూ నేనూ తగులుకుంటే ఇద్దరం ముందుకు పోతాం, మూడోవాడు వెనకబడతాడు. మా పిల్లలిద్దరూ అరగంటలో ఇది కనిపెట్టేశారు. తలకిందులవ్వడం గమనించని పెద్దవాడే, "నీలం లైట్లు వచ్చినప్పుడు నన్ను గుద్దురా, ఇద్దరం పోదాం" అని తమ్ముడికి చెబుతుంటే విన్నాను. వాడి దృష్టిలో యాంటీ గ్రావిటీ అంటే గోడా కాదు, కప్పూ కాదు. గుద్దుకోవచ్చు అనే అనుమతి.

ఈ రూల్‌కి గోడలెక్కడంతో సంబంధమే లేదు. చదును రోడ్డు మీద కూడా పెట్టొచ్చు. వరల్డ్‌లో 24 మంది ఒకేసారి పోటీ పడుతున్నారు, ఇసుక వేస్తే రాలనంత రద్దీ. ఇలాంటి రూల్‌కి అంతకంటే మంచి చోటు దొరకదు. సరిగ్గా అక్కడే అది లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

గోడ మీద కాసేపు

ఇప్పుడు వరల్డ్ సంగతి. తిన్నగా పోతూ డ్రిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే కార్టు శక్తి కూడగట్టుకుంటుంది. వదిలితే ఎగురుతుంది. దాని పేరు ఛార్జ్ జంప్. ఆ ఎగిరినప్పుడు పక్కన గోడ తగిలితే దాని మీద కొంత దూరం పరిగెడుతుంది, కమ్మీ తగిలితే దాని మీద జారుతుంది. కొంత దూరమే. మళ్లీ ఎగరాలి, లేదా దిగాలి.

తేడా చూశారా? నీలం పట్టీ మిమ్మల్ని అడగదు, రోడ్డే తీసుకెళ్లి కప్పు మీద పెడుతుంది. ఇక్కడ గోడెక్కాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఎగరడానికి ముందు శక్తి కూడగట్టుకునే ఆ క్షణాల్లో మామూలుగా మలుపు తిరగలేరు కాబట్టి, ముందే లెక్కేసుకోవాలి. తొందరపడితే గోడకి ముఖం పెట్టి కొట్టుకుంటారు. ఆలస్యమైతే అడ్డదారి దాటిపోతుంది. సరిగ్గా కుదిరితే మిగతావాళ్లు కింద తిరుగుతున్న మలుపుని మీరు పై నుంచి కోసేస్తారు. మెడలు విరగవు, లకిటూ గాలం ఇంకా ఉంది, ఇది పిల్లల గేమే. అయినా ఆ గోడ మీద ఉన్న ఒకట్రెండు సెకన్లూ బావిలో కుర్రాడి చేతిలో ఉండేది కొంచెం మీ చేతిలోనూ ఉంటుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈ టెక్నిక్ చేతికి ఎక్కడానికి టైం పడుతుంది. కొత్తవాళ్లు అసలు వాడకుండానే రేసు ముగించేస్తారు, వాడమని గేమ్ కూడా గట్టిగా చెప్పదు. రెండో ఇబ్బంది రోడ్లు. ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి తీసుకెళ్లే వెడల్పాటి తిన్నని దారులు మరీ ఎక్కువ. కొన్నిచోట్ల చిలకలూరిపేట దాటాక ఒంగోలు వైపు హైవే మీద పోతున్నట్టే ఉంటుంది, టీ కొట్టు ఒక్కటే తక్కువ. యాంటీ గ్రావిటీ కావాలి అంటున్నవాళ్ల అసలు బాధ ఇదేనేమో అని నా అనుమానం. వాళ్లకి కావాల్సింది మెలికలు తిరిగిన ట్రాకులు. ఆ కోరిక న్యాయమైందే. మెలికలున్న ట్రాకులు పెట్టండి, గోడలు పెట్టండి, ఎక్కే పని మాత్రం మాకే వదిలెయ్యండి.

కొనాలనుకునే వాళ్లకి

నింటెండో మన దేశంలో అధికారికంగా కన్సోళ్లు అమ్మడం లేదు. దిగుమతి చేసుకుని అమ్మే షాపులో కొనాలి, లేదా అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులో తెప్పించుకోవాలి. కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. స్విచ్ 2, మారియో కార్ట్ వరల్డ్ కలిపిన ప్యాక్ అమెరికాలో విడుదలైనప్పుడు ధర 500 డాలర్లు, అంటే మన లెక్కలో 40 వేలు దాటిన మాట. ఇక్కడి షాపులో దిగుమతి సుంకం, షాపు లాభం దాని మీద అదనం. ఒక్క వాల్ రైడ్ కోసం అంత పెట్టమని నేను చెప్పను. ఇంట్లో నలుగురూ కలిసి ఆడుకోవడానికైతే సెకండ్ హ్యాండ్ పాత స్విచ్, దాంట్లో డీలక్స్ చాలు. జాయ్‌కాన్ స్టిక్ వదిలేసినా దానంతటదే పక్కకి పోతోందేమో మాత్రం కొనేముందే చూసుకోండి. పిల్లలకి గుద్దుకునే ఆనందం దొరుకుతుంది, పక్కన కూర్చున్న పెద్దవాళ్లకి హైలైట్స్ దొరుకుతాయి. స్విచ్ 2 ఎలాగూ కొనేసినవాళ్లకి డీలక్స్ దాంట్లో కూడా ఆడుతుంది.

డీలక్స్ తీసుకున్నాక యాంటీ గ్రావిటీలో కొంచెమైనా భయం రుచి చూడాలనిపిస్తే దానికీ ఒక దారి ఉంది. 2015 ఏప్రిల్‌లో ఈ గేమ్‌కి 200 సీసీ మోడ్ చేర్చారు. అది పెట్టి, స్మార్ట్ స్టీరింగ్ ఆఫ్ చేసి, మ్యూట్ సిటీ ఆడండి. మలుపులు మిమ్మల్ని బయటికి విసిరేస్తాయి. ఆ స్పీడులో గాలం వేసి తీయడానికి లకిటూ కూడా ఓవర్‌టైం చేస్తాడు. బ్రేకు బి బటన్ మీద ఉంటుంది. ఇన్నాళ్లూ దాని అవసరం రాలేదు కాబట్టి చెబుతున్నా.